చివరి క్లిప్పు ఎక్కడ పెట్టాలి?

"అన్నా, జర కిందికి రా. బండి సెల్ఫ్ తీసుకుంటలేదు."

దసరా సెలవులు ముగిసిన మర్నాడు పొద్దున ఆరున్నరకి, హైదరాబాద్ బౌద్ధనగర్‌లో మా కింది అంతస్తు కుర్రాడి కేక అది. వాళ్ల అమ్మని ఎనిమిదింటికల్లా తార్నాకలో డాక్టరుకి చూపించాలి. ఊరెళ్లి రావడంతో కారు పదహారు రోజులు కదలకుండా ఉండిపోయింది. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద బల్బులు వెలిగాయి. సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద టకటకమని చప్పుడు, ఆ వెంటనే బల్బులు మసకబారిపోయాయి.

నేను దిగి వెళ్లేసరికి పక్కింటి పెద్దాయన తన కారు తెచ్చి ఎదురుగా ఆనించినంత దగ్గరగా పెట్టేశారు. ఇంకొకరి డిక్కీలోంచి జంపర్ కేబుళ్లు వచ్చాయి. మన బస్తీల్లో ఈ గుణం గొప్పది. ఒకరి బండి ఆగితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు బానెట్ల మీదికి వంగి తలో క్లిప్పు పట్టుకున్నారు. "ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, అంతే కద" అంటూ చివరి నల్ల క్లిప్పుని డౌన్ అయిన బ్యాటరీ మైనస్ మీద పెట్టబోతుంటే, "ఆగండి బాబాయ్, అది అక్కడ వద్దు" అన్నాను. "మరెక్కడ పెట్టాలె?" అని అడిగారాయన. ఆ ప్రశ్నకి ఆ పొద్దున హడావుడిగా రెండు ముక్కలు చెప్పాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే జంప్ స్టార్ట్‌లో అసలు ప్రమాదం ఆ చివరి క్లిప్పు దగ్గరే ఉంది.

ముందు, కదలకుండా నిలబడ్డ కారు బ్యాటరీ ఎందుకు కూర్చుంటుందో చూద్దాం. తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ లాకు, గడియారం, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ జ్ఞాపకం, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకి 0.7 ఆంపియర్ అవర్ పైచిలుకు. పదహారు రోజులకి పదకొండున్నర. మన చిన్న కార్లలో చాలావాటికి ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. అంటే కొత్త బ్యాటరీలో కూడా మూడో వంతు హరించుకుపోయినట్టే. నాలుగేళ్ల పాతదైతే దాని అసలు నిలవే సగానికి పడిపోయి ఉండొచ్చు కాబట్టి మిగిలేది అడుగూ బొడుగూ. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టాక వారాల తరబడి సెల్లార్లలో నిలిచిపోయిన కార్లు మళ్లీ తీసేసరికి ఒకదాని తర్వాత ఒకటి మొరాయించింది ఇందుకే. ఇక హెడ్‌లైట్లు మరిచిపోతే పదహారు రోజులు అక్కర్లేదు. రెండు హాలోజెన్ బల్బులు కలిపి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. ఉస్మానియా యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ ముందు బండి పెట్టి, లైట్లు ఆర్పకుండా సెమినార్‌కి వెళ్లి మూడున్నర గంటల తర్వాత వస్తే చాలు.

చలిదేశాల వాళ్లు బ్యాటరీకి శత్రువు మంచు అంటారు. మనకి శత్రువు ఎండ. చలిలో బ్యాటరీ మొద్దుబారుతుంది, ఎండలో లోపలి నుంచి కుళ్లుతుంది. వేడి పెరిగే కొద్దీ లోపలి సీసపు పలకలు తొందరగా తుప్పు తినేసినట్టవుతాయి, ద్రావకంలో నీళ్లు ఆవిరవుతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, దానికి తోడు బానెట్ కింద ఇంజన్ సెగలో, కారు బ్యాటరీ మూడు నాలుగేళ్లు మన్నితే దాని బాకీ తీరినట్టే. అది ఎండాకాలంలో దెబ్బతిని, వానాకాలమో చలికాలమో ఒక పొద్దున బయటపడుతుంది.

ఈ సీసం బ్యాటరీ చాలా పాత సంగతి. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. కార్లకి సెల్ఫ్ మోటారు మాత్రం 1912 కాడిలాక్‌తో వచ్చింది. దాన్ని రూపొందించింది చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఇంజన్‌ని ముందునుంచి ఇనప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు. మన పాత అంబాసిడర్లకి కూడా ఆ హ్యాండిల్ ఉండేది, బ్యాటరీ చచ్చినా డ్రైవరు దిగి నాలుగు తిప్పులు తిప్పేవాడు. ఇప్పుడు ఆ దారి లేదు. ఇవాళ మన వీధుల్లో తిరిగే బ్యాటరీల్లో ఎన్నో తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరరాజా వారివి. ఆ సంస్థని గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించారు. ఏ కంపెనీదైనా లోపలి పని మాత్రం ఒకటే. ఆరు గదులు, ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిలుకు, నిండుగా ఉంటే మొత్తం 12.6 వోల్టులు. 12.2కి దిగితే సగమే ఉన్నట్టు లెక్క. 12 లోపుకి వస్తే దాదాపు ఖాళీ.

సెల్ఫ్ మోటారు ఆకలి ఎంతో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. డ్యాష్‌బోర్డు బల్బులకి ఒకటి రెండు ఆంపియర్లు చాలు. చిన్న పెట్రోలు ఇంజన్‌ని కదిలించడానికి సెల్ఫ్ మోటారు వందా నూటయాభై ఆంపియర్లు లాగుతుంది, డీజిల్‌కి ఇంకా ఎక్కువ. అందుకే "లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది" అనుకోకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకమంటూ లైట్లు మసకబారితే బ్యాటరీ డౌన్. లైట్లు ఏమాత్రం తగ్గకుండా నిగనిగలాడుతూ ఇంజన్ మాత్రం ఉలకకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది, సెల్ఫ్ మోటారో, ఫ్యూజో, ఆటోమేటిక్ కారైతే గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో లేకపోవడమో. అలాంటప్పుడు జంప్ చేసినా ఉపయోగం లేదు. ఇంకో చిన్న సంగతి: బ్యాటరీ మొనల మీద తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని, క్లాంపు వదులుగా కదులుతుంటే, ముందు దాన్ని తుడిచి బిగించి చూడండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

కేబుల్ తీసే ముందు బ్యాటరీని ఒకసారి పరీక్షగా చూడాలి. డబ్బా ఉబ్బినా, పగిలినా, కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా దాని జోలికి వెళ్లొద్దు. జంప్ చేయొద్దు, ఛార్జింగు కూడా పెట్టొద్దు, మెకానిక్‌ని పిలవండి. రెండోది, సాయం చేసే బండి కూడా 12 వోల్టులదే కావాలి. రోడ్డు మీద ఆర్టీసీ బస్సో లారీయో కనిపించింది కదా అని దాన్ని ఆపకండి. పెద్ద బస్సులు, లారీలు 24 వోల్టులవి. ఆ దెబ్బకి మీ కారు కంప్యూటరే పోతుంది. హైబ్రిడ్ కారుని, ఎలక్ట్రిక్ కారుని కూడా సాయానికి వాడొద్దు. వాటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది కానీ అది ఇంజన్ తిప్పడానికి పెట్టింది కాదు.

కేబుళ్ల సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. షాపుల్లో చవగ్గా దొరికే జంపర్ కేబుల్ పైకి బొటనవేలంత లావుంటుంది, కోసి చూస్తే లావంతా రబ్బరే, లోపల రాగి పోగులు పిడికెడు కూడా ఉండవు. సన్నటి తీగలోంచి 150 ఆంపియర్లు పోతే దారిలోనే రెండు మూడు వోల్టులు వేడిగా ఖర్చయిపోతాయి, తొడుగు కరుగుతుంది, అవతల మోటారుకి చేరేది అంతంత మాత్రం. చిన్న కారుకి తీగ లోపలి రాగి కనీసం 16 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, డీజిల్‌కి 25 ఉంటే నిశ్చింత. కొనేటప్పుడు ఈ అంకె అడగండి. షాపువాడికి తెలియకపోతే ఆ కేబుల్ వద్దు.

ఇక అసలు పని. మా సందు సన్నం కాబట్టి రెండు కార్లూ మూతీ మూతీ పెట్టుకుని నిలబడ్డాయి. ముందు పెద్దాయన కారుని ఒక జానెడు వెనక్కి తీయించాను. కార్లు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది. రెండింటికీ హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లోనో పార్కులోనో పెట్టి, తాళాలు ఆపేసి, లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేయాలి. మెడలో గొలుసు వేలాడుతుంటే లోపలికి వేసుకోవాలి. ఉంగరం, కడియం, లోహపు గడియారం తీసి జేబులో పెట్టుకోవాలి. ఉంగరం ఒకవైపు ప్లస్‌కి, ఇంకోవైపు ఇనప బాడీకి తగిలిందంటే కన్నుమూసి తెరిచేలోగా ఎర్రగా కాలుతుంది, వేలు ఉంగరంలో ఇరుక్కుని ఉంటుంది. చున్నీ, కొంగు, కండువా ఇంజన్ ఫ్యాను దరిదాపుల్లోకి రానీయొద్దు. ఆ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది.

మొదటి ఎర్ర క్లిప్పు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి. రెండో ఎర్ర క్లిప్పు మంచి బ్యాటరీ ప్లస్‌కి. మొదటి నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్‌కి. మిగిలిన నల్ల క్లిప్పు, డౌన్ అయిన కారు ఇంజన్ మీద రంగు లేని గట్టి ఇనుముకి, బ్యాటరీకి వీలైనంత దూరంగా.

డౌన్ అయిన వైపునుంచే ఎందుకు మొదలుపెట్టాలంటే, మంచి బ్యాటరీకి ముందు తగిలిస్తే కేబుల్ రెండో కొస నిండు బలంతో చేతిలో ఊగుతూ ఉంటుంది. అది డౌన్ అయిన కారు బాడీకి తగిలితే ఫర్వాలేదు కానీ, మంచి కారు బాడీకి తగిలిందంటే పెద్ద మెరుపే. చచ్చిన వైపు ముందు పెడితే ఊగే కొసలో బలం తక్కువ.

ఇప్పుడు ఆ చివరి క్లిప్పు. సీసం బ్యాటరీని ఛార్జి చేస్తున్నప్పుడు, లోపలి నీళ్లు కొంత విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా పైకి వస్తాయి. బ్యాటరీ మూత మీది సన్నటి రంధ్రాల్లోంచి బయటికొచ్చి బానెట్ కింద పేరుకుంటాయి. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం కలిసినా, 75 శాతం కలిసినా ఒక్క నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. మరి నిప్పురవ్వ ఎక్కడ పుడుతుంది? మొదటి మూడు క్లిప్పులు పెట్టేటప్పుడు కరెంటు తిరగడానికి దారి పూర్తికాదు, కాబట్టి రవ్వ రాదు. నాలుగో క్లిప్పు తగిలిన క్షణంలోనే దారి పూర్తయి కరెంటు ఉరుకుతుంది, ఆ చోటే చిటపటమంటుంది. ఆ చోటు బ్యాటరీ మొన అయితే, రవ్వ సరిగ్గా వాయువు ఉన్నచోట పడినట్టు. బ్యాటరీ పేలితే ప్లాస్టిక్ ముక్కలతోపాటు గంధకామ్లం చిమ్ముతుంది, అది చిమ్మేది బానెట్ మీదికి వంగి చూస్తున్న ముఖం మీదికి. ఇది ప్రతిసారీ జరగదు. "పదిసార్లు మైనస్‌కే పెట్టిన, ఏం కాలే" అనేవాళ్లు నిజమే చెబుతున్నారు. పదకొండోసారి కన్ను పోతే మాత్రం తిరిగి రాదు.

ఇనుముకి పెడితే కరెంటు ఎలా చేరుతుందని పెద్దాయన సందేహపడ్డారు. మంచి ప్రశ్న. కార్లో బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావుపాటి తీగ ఇంజన్‌కీ బాడీకీ బిగించే ఉంటుంది, మెకానిక్కులు బాడీ ఎర్త్ అనేది దాన్నే. అంటే ఇంజన్ ఇనుమంతా మైనస్సే. పైగా సెల్ఫ్ మోటారు బిగించి ఉన్నది కూడా ఆ ఇంజన్‌కే, కాబట్టి దారి ఇంకా దగ్గర. కార్లు రెండూ తగలకూడదన్నది కూడా ఇందుకే. బాడీలు రాసుకుంటే మైనస్సులు రెండూ మీకు తెలియకుండానే కలిసిపోతాయి, అప్పుడు రవ్వ రెండో ఎర్ర క్లిప్పు దగ్గర, అంటే మంచి బ్యాటరీ నెత్తిన పుడుతుంది. కొత్త కార్లలో మైనస్ మొన మీద బ్యాటరీ బలాన్ని కొలిచే చిన్న సెన్సారు కూడా ఉంటుంది, దాన్ని తప్పించడం ఇంకో లాభం.

ఇనుము ఎక్కడ వెతకాలి? ఇంజన్‌ని పైకి ఎత్తడానికి పెట్టిన కొక్కెం, లావు బోల్టు, బ్రాకెట్, ఏదైనా సరే. రంగు వేసిన రేకు, ప్లాస్టిక్ మూత పనికిరావు. పెట్రోలు గొట్టాలకి, బెల్టుకి, ఫ్యానుకి దూరంగా ఉండాలి. కొన్ని కార్లలో ఈ పనికోసమే ఒక ఎర్త్ మొన ఇచ్చి ఉంటారు. బ్యాటరీయే డిక్కీలోనో సీటు కిందో ఉండే కార్లలో బానెట్ కింద ప్లస్ మొన విడిగా పెడతారు. మీ కారు పుస్తకంలో దీని బొమ్మ ఉంటుంది, ఆ పుస్తకం ఇక్కడ నేను చెప్పినదానికి భిన్నంగా చెబితే పుస్తకం మాటే వినండి.

ఎర్రా నల్లా తారుమారైతే మాత్రం రవ్వతో ఆగదు. ఫ్యూజులు, డైనమో (ఆల్టర్నేటర్) లోపలి డయోడ్లు, కంప్యూటర్, వరసగా పోతాయి. బ్యాటరీ ధరకి కొన్ని రెట్లు బిల్లు పడొచ్చు. తీగ రంగుని నమ్మొద్దు, డబ్బా మీద చెక్కిన ప్లస్, మైనస్ గుర్తులు మట్టి తుడిచి కళ్లతో చూడండి. వెలుతురు చాలకపోతే ఫోన్ టార్చి వేయండి, అగ్గిపుల్ల గీయొద్దు. ఆయుధపూజ రోజున ఊళ్లో లేకపోతే బండికి తర్వాత హారతి ఇవ్వాలని ఉంటుంది. ఇవ్వండి, బానెట్ మూసి, క్లిప్పులన్నీ తీసేశాక.

క్లిప్పులు సరిగ్గా కూర్చున్నాక మంచి కారుని స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు అలా ఉంచాలి. తొందరపడొద్దు, ఆ అయిదు నిమిషాల్లో చచ్చిన బ్యాటరీ కొంత ఛార్జి పుంజుకుంటుంది, కేబుళ్ల మీద భారం తగ్గుతుంది. తర్వాత డౌన్ అయిన కారు సెల్ఫ్ కొట్టాలి, ఒక్కో ప్రయత్నం పది సెకన్లు మించకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగుతూ. మూడుసార్లకీ లేవకపోతే ఆపేయండి. బ్యాటరీలో ఏదో గది పూర్తిగా పోయి ఉంటుంది, లేదా రోగం వేరే.

కింది అంతస్తు కుర్రాడి కారు రెండోసారికి లేచింది. అందరూ చప్పట్లు కొట్టి క్లిప్పులు లాగెయ్యబోయారు. తీసేటప్పుడూ అదే జాగ్రత్త, వరస మాత్రం తలకిందులు. మొదట తీయాల్సింది ఇంజన్ ఇనుముకి పెట్టిన నల్ల క్లిప్పు, ఎందుకంటే దారి తెగేచోట కూడా రవ్వ పుడుతుంది, అది బ్యాటరీకి దూరంగానే పుట్టాలి. తర్వాత మంచి కారు నల్లది, మంచి కారు ఎర్రది, చివరికి డౌన్ అయిన కారు ఎర్రది. తీసిన క్లిప్పుల్ని ఒకదానికొకటి తగలనీయొద్దు.

ఇంజన్ లేచింది కానీ బ్యాటరీ ఇంకా ఖాళీయే. తార్నాక సిగ్నల్ దాకా వెళ్లి ఆపేస్తే అక్కడే మళ్లీ టకటక. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు డైనమో ఇచ్చేది స్వల్పం, అందులో ఏసీ తినేస్తుంది. హబ్సిగూడ, ఎన్.జి.ఆర్.ఐ. మీదుగా ఉప్పల్ దాకా వెళ్లి తిరిగిరావడం లాంటిది, ఆపకుండా కనీసం అరగంట, ఏసీ లేకుండా నడపాలి. అది కూడా ఇంకోసారి స్టార్ట్ అవడానికే సరిపోతుంది. బ్యాటరీ నిండాలంటే షాపులో గంటల తరబడి ఛార్జింగు పెట్టాల్సిందే. అప్పుడే లోడ్ టెస్ట్ కూడా చేయించండి. ఇంజన్ నడుస్తుండగా మొనల దగ్గర మీటరు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. 13 దాటకపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమోది. కొత్త బ్యాటరీ కొన్నా వారంలో అదీ కూర్చుంటుంది.

తోసి స్టార్ట్ చేయడం గురించి అడుగుతారు. గేర్ల కారు అయితే రెండో గేరులో పెట్టి తోస్తే లేవచ్చు. ఆటోమేటిక్ లేవదు. కానీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకుకీ స్టీరింగుకీ బలం ఉండదు. వాలు సందులో ముందు పిల్లలు ఆడుకుంటుంటే, వెనక నలుగురు తోస్తుంటే, అది చేయదగ్గ పని కాదు. దానికన్నా పవర్ బ్యాంకులాంటి జంప్ స్టార్టర్ ఒకటి అపార్ట్‌మెంటు మొత్తానికి కొని వాచ్‌మన్ దగ్గర పెట్టడం మేలు. రెండో కారు అవసరమే ఉండదు. అయితే దాన్ని మూడు నెలలకోసారి ఛార్జి చేస్తూ ఉండాలి, ఎండలో కారులో వదిలేయకూడదు.

పొరపాటున ఆమ్లం కంట్లో పడితే రుద్దకుండా ధారగా పడే మంచినీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు, రెప్పలు విప్పి కడిగి, నేరుగా కంటి ఆస్పత్రికి వెళ్లాలి. ముందు నీళ్లు, ఆ తర్వాతే ప్రయాణం.

ఆ రోజు కుర్రాడి అమ్మగారు ఎనిమిదింబావుకి డాక్టరు గది ముందు కూర్చున్నారు. సాయంత్రం పెద్దాయన తన బానెట్ తెరిచి, ఇంజన్ మీది కొక్కెం నాకు చూపించి, "ఇదే కద" అని అడిగి, దాని పక్కన ప్లాస్టిక్ మూత మీద ఎర్ర స్కెచ్‌తో చిన్న గుర్తు పెట్టుకున్నారు. మీరు కూడా ఇవాళ వెలుతురు ఉండగానే బానెట్ ఎత్తి, మైనస్ ఎటుందో, రంగు లేని ఇనుము ఎక్కడుందో చూసి గుర్తు పెట్టుకోండి.